ఒక్క కిస్తీ, ముప్పై ఆరు గళ్లు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి ఏ సందులోకి తిరిగినా బ్యాంకు పరీక్షల కోచింగ్ బోర్డు ఒకటి ఎదురవుతుంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం నుంచి విజయవాడ రోడ్డు మీదుగా వచ్చే బస్సులకు ఊళ్లోకి వాకిలి ఎల్బీనగరే. అందుకే ఆ జిల్లాల పిల్లలు ఎక్కువమంది చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం హాస్టళ్లలో తేలతారు. రాతపరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కి, నియామక పత్రం చేతికొచ్చాక కూడా ఉద్యోగం పోగొట్టుకున్న ఒక అభ్యర్థి సంగతి ఈ పిల్లలందరికీ తెలియాలి.

స్టేట్ బ్యాంకు 2020 జులైలో సర్కిల్ బేస్డ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగ్గొట్టినట్టు రికార్డు ఉన్నవాళ్లు, అప్పుల చెల్లింపు చరిత్ర చూపే సిబిల్ నివేదిక బాగాలేనివాళ్లు అర్హులు కారని అందులో ఒక షరతు ఉంది. ఎంపికైన ఒక అభ్యర్థికి 2021 మార్చిలో నియామక పత్రం వచ్చింది, ఏప్రిల్‌లో అది రద్దయింది. ప్రకటన వెలువడేనాటికే బాకీలన్నీ తీర్చేశానని ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. ప్రజల డబ్బు చూసుకునే ఉద్యోగానికి ఆర్థిక క్రమశిక్షణ చూడటం తప్పు కాదని, బ్యాంకు నిర్ణయం సరైనదేనని 2025 జూన్‌లో కోర్టు చెప్పింది.

బాకీ తీరింది, మచ్చ మిగిలింది. ఈ రెండూ వేర్వేరు అన్న సంగతి అప్పు తీసుకునే రోజున మనకెవరూ చెప్పరు. క్రెడిట్ ఫైలు ముందుగా లెక్కపెట్టేది రోజులను, ఆ తర్వాతే రూపాయలను. ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలిస్తే చాలా నష్టాన్ని మొదటి నెలలోనే ఆపొచ్చు. కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం.

సూర్యాపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి అనుకుందాం. కోచింగ్ ఫీజు 60,000 రూపాయలు. చేతిలో అంత లేదు. కౌంటర్ దగ్గరే ఫోనులో ఆధార్, పాన్ కొట్టించి, సెల్ఫీ తీసి, నెలకు 5,000 చొప్పున 12 నెలల ఈఎంఐ పెట్టారు. మొదటి కిస్తీ 2024 సెప్టెంబరు 5న. డిసెంబరు దాకా సాఫీగా సాగింది. జనవరిలో ఇంటి నుంచి పైసలు రాలేదు, 5వ తేదీన ఖాతాలో బ్యాలెన్స్ చాలక ఆటో డెబిట్ బౌన్స్ అయింది. ఫిబ్రవరి 5 నాటికి మళ్లీ 5,000 వేసింది, కట్ అయింది. మార్చిలోనూ అంతే, ఏప్రిల్‌లోనూ అంతే. ఆమె దృష్టిలో తప్పింది ఒక్క కిస్తీ. అది ఎప్పుడో చివర్లో కట్టేద్దామనుకుంది.

ఫైలు దృష్టిలో జరిగింది వేరు. వచ్చిన డబ్బును అప్పిచ్చినవాళ్లు సాధారణంగా అన్నిటికంటే పాత బాకీకి జమ చేస్తారు. ఫిబ్రవరిలో కట్టిన 5,000 జనవరి కిస్తీకి పోయింది, ఫిబ్రవరి కిస్తీ బాకీగా నిలిచింది. మార్చిలో కట్టింది ఫిబ్రవరికి పోయింది, మార్చిది నిలిచింది. గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పే అంకెను డీపీడీ అంటారు. నెలాఖరున ఆమె డీపీడీ జనవరిలో 26, ఫిబ్రవరిలో 23, మార్చిలో 26, ఏప్రిల్‌లో 25. ఇలా ఆగస్టు దాకా ప్రతి నెలా ఒక అంకె. తప్పింది ఒక్క కిస్తీ, ఫైల్లో పడ్డవి ఎనిమిది మచ్చలు.

అదే అమ్మాయి ఫిబ్రవరి 5న ఎలాగో తంటాలు పడి 10,000 కట్టి ఉంటే జనవరి గడిలో ఒక్క మచ్చతో పోయేది. జనవరి 12నే, ఆటో డెబిట్ కోసం చూడకుండా లింకు అడిగి 5,000తో పాటు బౌన్స్ ఛార్జీ కూడా కట్టేసి ఉంటే నెలాఖరు లెక్కలో సున్నానే ఉండేది. ఛార్జీ సంగతి మరవకూడదు. బౌన్స్ అయినప్పుడు అప్పిచ్చిన సంస్థ ఒక ఛార్జీ వేస్తుంది, మన బ్యాంకు ఇంకోటి కోస్తుంది. బ్యాంకు కోతవల్లే బ్యాలెన్స్ తగ్గి మరుసటి కిస్తీ కూడా బౌన్స్ అయ్యే ప్రమాదం ఉంది. 5,000 కిస్తీకి సరిగ్గా 5,000 వేసి ఊరుకునేవాళ్లు ఈ ఉచ్చులోనే పడతారు. "మొత్తం ఓవర్‌డ్యూ ఎంత?" అన్నదే సరైన ప్రశ్న. "ఈఎంఐ ఎంత?" అని అడిగితే సగం జవాబే వస్తుంది.

సిబిల్ నివేదిక తెరిస్తే ఒక్కో రుణం కింద నెలకొక గడి చొప్పున 36 గళ్లు కనిపిస్తాయి. గడిలో 000 ఉంటే ఆ నెల బాకీ లేనట్టు. వేరే అంకె ఉంటే అన్ని రోజులు ఆలస్యం. మూడు ఇంగ్లిషు ఎక్స్‌లు ఉంటే ఆ నెల వివరం అందలేదని అర్థం, అది మన తప్పు కాదు. కొన్ని బ్యాంకులు అంకెకు బదులు స్టాండర్డ్, సబ్‌స్టాండర్డ్, డౌట్‌ఫుల్, లాస్ లాంటి తరగతుల్లో ఒకదాన్ని రాస్తాయి. స్కోరు 300 నుంచి 900 దాకా ఉండే ఒక్క అంకె, అందరూ దాన్నే చూస్తారు. అప్పిచ్చే ఆఫీసరు మాత్రం ఈ గళ్లు చూస్తాడు.

రోజుల లెక్కకు రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరు 12న ఇచ్చిన సర్క్యులర్‌లో ఒక ఉదాహరణ ఉంది. మార్చి 31న కట్టాల్సింది ఆ రోజు లెక్కలు మూసేలోపు అందకపోతే ఓవర్‌డ్యూ మార్చి 31 నుంచే మొదలు. అప్పుడు ఖాతా ఎస్‌ఎంఏ-0, అంటే ప్రత్యేకంగా గమనించాల్సిన ఖాతాల్లో మొదటి మెట్టు. ఏప్రిల్ 30కి 30 రోజులు నిండి ఎస్‌ఎంఏ-1. మే 30కి 60 నిండి ఎస్‌ఎంఏ-2. జూన్ 29కి 90 రోజులు నిండి నిరర్థక ఆస్తి, అంటే ఎన్‌పీఏ. ఇది ఎవరో మేనేజరు కుర్చీలో కూర్చుని తీసుకునే నిర్ణయం కాదు, ఏ రోజుకారోజు కంప్యూటరు వేసే ముద్ర.

ఇదే సర్క్యులర్‌లో జనానికి తెలియని ఇంకో మాట ఉంది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక వడ్డీ, అసలు కలిపి పాత బకాయి మొత్తం కడితేనే ఖాతా మళ్లీ స్టాండర్డ్ అవుతుంది. మూడు కిస్తీలు బాకీ ఉంటే ఒకటి కట్టి తెరపిన పడలేం. 85వ రోజున కట్టిన ఒక్క కిస్తీ చేసే మేలు 95వ రోజున కట్టిన కిస్తీ చేయదు. డబ్బు కొంచెమే ఉండి, రెండు మూడు అప్పులున్నప్పుడు ఏది ముందు కట్టాలన్న ప్రశ్నకు నా జవాబు ఇదే: 90కి దగ్గరపడుతున్నదాన్ని ముందు వెనక్కి లాగండి. ఎక్కువగా ఫోన్లు చేసేవాడికి ముందు కట్టడం మన సహజ గుణం. ఫోన్ల సంఖ్యకూ రోజుల లెక్కకూ సంబంధం లేదు.

క్రెడిట్ కార్డుకు మాత్రం చిన్న వెసులుబాటుంది. గడువు దాటి మూడు రోజులకు పైగా బాకీ ఉంటేనే దాన్ని ఓవర్‌డ్యూగా రిపోర్టు చేయాలని 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధన. మినిమమ్ డ్యూ కట్టినా గడి శుభ్రంగానే ఉంటుంది, కాకపోతే మిగతా మొత్తంపై వడ్డీ తినేస్తుంది.

ఈ సమాచారం ఎంత వేగంగా పోతుందో కూడా చూడాలి. మునుపు నెలకోసారి పంపేవారు. 2025 జనవరి 1 నుంచి 15వ తేదీ నాటి లెక్క ఒకటి, నెలాఖరు లెక్క ఒకటి పంపాలన్న నియమం వచ్చింది. ఆ నియమంలో పంపడానికి అప్పిచ్చిన సంస్థకు ఏడు రోజులు, ఎక్కించడానికి సిబిల్ లాంటి క్రెడిట్ కంపెనీకి ఐదు రోజులు. అంటే జనవరి 31 నాటి మచ్చ ఫిబ్రవరి 12లోపు ఫైల్లో ఉంటుంది. మంచికీ ఇదే వేగం. ఈరోజు బకాయి కడితే రెండు నెలలు ఎదురుచూడక్కర్లేదు.

మనం సిబిల్ అనేది నిజానికి నాలుగు కంపెనీల్లో ఒకటి. 2000లో మొదలైన ట్రాన్స్‌యూనియన్ సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఉన్నాయి. అప్పిచ్చే ప్రతి సంస్థా నాలుగింటిలోనూ సభ్యత్వం తీసుకోవాలని 2015 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఒకచోట పడ్డ మచ్చ నాలుగుచోట్లా పడుతుందని, తప్పు పడితే నాలుగుచోట్లా చూసుకోవాలని దీని అర్థం. పూర్తి నివేదికను ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలన్న నియమం 2017 జనవరి 1 నుంచి ఉంది. నాలుగు కంపెనీలు గనుక ఏడాదికి నాలుగు ఉచిత నివేదికలు. మూడు నెలలకొకటి తీసుకుంటే ఏడాది పొడవునా కాపలా కాసినట్టే.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటి. పిల్లలు కిస్తీ ఆపేది ఎప్పుడూ డబ్బులేకే కాదు. చెప్పిన ఫ్యాకల్టీ రాలేదని, బ్యాచ్ మధ్యలో ఆగిందని, బ్రాంచి మూసేశారని కోపంతో ఆపేస్తారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ ఆ 60,000 ఏ రోజో ఇన్‌స్టిట్యూట్ ఖాతాకు చేరిపోయింది. నెలనెలా 5,000 వసూలు చేస్తున్నది ఇంకో ఫైనాన్స్ సంస్థ. వాళ్లతో ఒప్పందం వేరే కాగితం. పాఠం చెప్పలేదన్న గొడవ ఇన్‌స్టిట్యూట్‌తో, కిస్తీ కట్టలేదన్న గొడవ ఫైనాన్స్ కంపెనీతో. మొదటి గొడవలో మనం గెలిచినా రెండోదాని మచ్చ దానంతటదే పోదు. కిస్తీ ఆపడం ఇన్‌స్టిట్యూట్‌కు తగలదు, ఆ అమ్మాయికే తగులుతుంది. "ఇది లోన్ కాదమ్మా, ఫీజు ఇన్‌స్టాల్‌మెంట్" అని కౌంటర్‌లో చెప్పిన మాటను ఏ ఫైలూ రాసుకోదు. పాన్ అడిగారంటే, సెల్ఫీ తీశారంటే, ఆటో డెబిట్‌కు సంతకం పెట్టించారంటే అది అప్పే.

చేరేరోజే చూడాల్సినవి రెండున్నాయి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తిగత రుణాలన్నిటికీ, కీలక వివరాలు ఒక్కచోట రాసిన పత్రం ఇవ్వాలి. అందులో అసలు, ఏడాదికి పడే మొత్తం ఖర్చు శాతం, ఛార్జీలు ఉంటాయి. రెండోది, డిజిటల్ రుణాలకు మనసు మార్చుకునే గడువు. కనీసం ఒక రోజైనా ఉండాలని 2025 మే నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఆ గడువులో అసలు, అన్ని రోజులకు పడే ఖర్చు చెల్లించి బయటపడొచ్చు. డెమో క్లాసు నచ్చక వెనక్కి వచ్చేవాళ్లకు ఇది అక్కరకొస్తుంది. గడువు దాటాక క్లాసులు ఆగితే, ఇన్‌స్టిట్యూట్‌కు, ఫైనాన్స్ సంస్థకు ఒకే రోజున ఈమెయిల్ పెట్టి, రుణం రద్దు చేయమని రాతపూర్వకంగా అడిగి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. ఈలోపు వీలైనంతవరకు కిస్తీ కట్టమనే చెబుతాను. ఈ సలహా ఇవ్వడం నాకు బాధగానే ఉంది. మోసపోయినవాళ్లనే మళ్లీ కట్టమంటున్నాను. కానీ రేపు బ్యాంకులో చేరాలనుకునే పిల్లల ఫైలు ఆ 5,000 కంటే విలువైనది.

కోచింగ్ పిల్లలే కాదు. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోయినా రోడ్డు పక్కన తోపుడు బండ్లు మిగిలే ఉన్నాయి. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు మొదటి విడత 10,000 ఇచ్చారు. అది సర్కారు ఇచ్చిన సాయం అనుకుని కట్టనివాళ్లకు చెప్పాల్సింది ఒకటే: అది బ్యాంకు రుణం, ఫైల్లో అలాగే ఉంటుంది. సరిగ్గా కట్టినవాళ్లకు రెండో విడత పెద్దమొత్తం వస్తుంది.

అందరూ కట్టకపోతే ఏం చేస్తారన్న ధీమా మన దగ్గర పాతదే, దానికి కారణమూ ఉంది. 2010 అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వారంవారం గుమ్మం ముందు కూర్చుని వసూలు చేసిన తీరు, ఆత్మహత్యల వార్తలు దానికి కారణం. తర్వాత వసూళ్లు కుప్పకూలాయి. దాదాపు 92 లక్షల రుణాలు, 7,200 కోట్ల రూపాయల మేర బాకీ పడ్డాయి. ఆ రోజుల్లో సూక్ష్మరుణాల వివరాలు క్రెడిట్ కంపెనీలకు చేరడం అప్పుడప్పుడే మొదలవుతోంది. ఆ సంస్థలు క్రెడిట్ కంపెనీలో సభ్యత్వం తీసుకోవాలన్న నిబంధన 2011 డిసెంబరులో వచ్చింది. వీధి వీధంతా కట్టకపోయినా ఒక్కొక్కరి పేరిట గడి ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. అప్పట్లో ఆ అప్పులు తీసుకున్న తల్లుల తరం అనుభవాన్ని ఈ పిల్లల తరానికి సలహాగా ఇవ్వకూడదు.

2020 చివర్లో లోన్ యాప్‌లు చేసిన దారుణం అందరికీ గుర్తుంది. ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోటోలు పంపి పరువు తీస్తామని బెదిరిస్తే తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్, రాచకొండ పోలీసులు కేసులు పెట్టారు. ఆ డిసెంబరు 23న రిజర్వ్ బ్యాంకు హెచ్చరిక ఇచ్చింది. 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాలకు నిబంధనలు వచ్చాయి. నియంత్రిత సంస్థలకు పనిచేసే యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. జాబితాలో లేని యాప్ "నీ సిబిల్ పోగొడతాం" అంటే భయపడొద్దు. క్రెడిట్ కంపెనీకి వివరాలు పంపగలిగేవి అందులో సభ్యత్వమున్న సంస్థలే. బెదిరింపులకు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మనసు కుంగిపోతే 14416 టెలిమానస్‌కు, ఏ వేళైనా. అప్పు లెక్క తేల్చుకోవచ్చు. మనిషి ఉండాలి ముందు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇది 2022 ఆగస్టు 12 నాటి ఆదేశం. బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి అవమానించకూడదని కూడా అందులోనే ఉంది. "అరెస్టు చేయిస్తాం" అన్న బెదిరింపును మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. అయితే బ్యాలెన్స్ లేక ఆటో డెబిట్ బౌన్స్ అయితే 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టొచ్చు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో వాళ్లు నోటీసు ఇవ్వాలి, అందుకున్న 15 రోజుల్లో కట్టేస్తే నేరం కాదు. నోటీసు కవరు విప్పకుండా అలమరలో పెట్టేవాళ్లు పోగొట్టుకునేది ఆ 15 రోజులనే.

కొన్ని నెలలు పోయాక ఇంకో రకం ఫోన్ వస్తుంది. "మేడమ్, మీ బాకీ 48,000. ఇవాళ 25,000 కట్టండి, క్లోజ్ చేసేస్తాం." వినడానికి వరంలా ఉంటుంది. ఫైల్లో మాత్రం ఆ ఖాతా మీద క్లోజ్డ్ అని పడదు, సెటిల్డ్ అని పడుతుంది. వదులుకున్న 23,000 రైటాఫ్ కింద కనిపిస్తుంది. రేపు ఇంటి రుణానికి వెళ్తే ఆఫీసరు ఆ మాట దగ్గరే ఆగుతాడు. సెటిల్‌మెంట్ చేసుకున్నవారికి ఆ సంస్థ మళ్లీ రుణం ఇవ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలని 2023 జూన్ 8 నాటి సర్క్యులర్ చెబుతోంది. వ్యవసాయ రుణాలకు ఈ 12 నెలల నియమం వర్తించదు. రైటాఫ్ అంటే మాఫీ అనుకునేవాళ్లూ ఉన్నారు. బ్యాంకు తన పుస్తకాల్లోంచి తీసేసిందంతే, మన బాకీ అలాగే ఉంది.

నిజంగా గతిలేనప్పుడు సెటిల్‌మెంట్ తప్పు కాదు. ఉద్యోగం పోయినవాళ్లకు, ఇంట్లో జబ్బు పడ్డవాళ్లకు నడుస్తున్న బాకీ కంటే సెటిల్డ్ మేలు. కానీ 48,000ను నాలుగు విడతలు చేసి 12,000 చొప్పున కట్టే వీలుందేమో ముందు అడగాలి. వడ్డీ, ఛార్జీలు తగ్గించి అసలు మొత్తం కడతానంటే చాలా సంస్థలు బేరానికి వస్తాయి. ఇప్పటికే సెటిల్ అయినవాళ్లు కూడా మిగిలిన 23,000 కట్టి క్లోజ్డ్‌గా మార్చమని అడగొచ్చు. ఏ బేరమైనా సంస్థ ఈమెయిల్ నుంచి లేఖ వచ్చాకే డబ్బు కట్టాలి, అదీ రుణఖాతాకే, ఏజెంటు ఫోన్‌పేకు కాదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూడో మెట్రో స్టేషన్ ఎల్బీనగర్. రంగారెడ్డి జిల్లా కోర్టులు అక్కడే. జాతీయ లోక్ అదాలత్ రోజుల్లో బ్యాంకు బాకీల కేసులు అక్కడికొస్తాయి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు, కేసు అంతటితో తీరిపోతుంది, కోర్టు ఫీజు కట్టి ఉంటే తిరిగొస్తుంది. ఇది మంచి దారే. కానీ తగ్గించి కట్టిన డబ్బు లోక్ అదాలత్‌లో కట్టినా సెటిల్‌మెంటే. కాబట్టి రాజీ పత్రం మీద సంతకం పెట్టేముందు రెండు వాక్యాలు రాయించమని అడగాలి. బాకీ లేదని చెప్పే నిరభ్యంతర పత్రం ఎన్ని రోజుల్లో ఇస్తారు? క్రెడిట్ కంపెనీలకు ఏ స్థితి పంపుతారు? సమాధానం నచ్చకపోయినా అది రాతలో ఉంటే తర్వాత నిలదీయొచ్చు.

ఇక మన తప్పు లేకుండా పడ్డ మచ్చలు. కట్టేసిన రుణం ఇంకా నడుస్తున్నట్టు ఉండటం, ఎప్పుడో వద్దన్న కార్డు వార్షిక ఫీజు బాకీగా నిలవడం, మన పాన్‌తో ఎవరో తీసుకున్న అప్పు. వీటి మీద ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలి. అందులో 21 రోజులు అప్పిచ్చిన సంస్థవి, మిగతావి క్రెడిట్ కంపెనీవి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. 2023 అక్టోబరు 26న ప్రకటించిన ఈ నియమం ఆరు నెలల తర్వాత అమల్లోకి వచ్చింది. ఫిర్యాదు 75వ రోజున తేలితే 45 రోజులకు 4,500 రూపాయలు ఖాతాలో పడాలి. ఆలస్యం ఎవరిదైతే వాళ్లే కట్టాలి. ఫిర్యాదు నంబరు లేకుండా ఈ లెక్క మొదలే కాదు, అందుకే బ్రాంచిలో నోటిమాటగా చెప్పి రావొద్దు. 30 రోజుల్లో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. క్రెడిట్ కంపెనీలు కూడా 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి. ఫిర్యాదుకు ఫీజు లేదు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

"సిబిల్ క్లియర్ చేస్తాం, 5,000 ఇవ్వండి" అనేవాళ్లకు చేయగలిగింది ఇంతకుమించి ఏమీ లేదు. 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల చట్టం ప్రకారం, అప్పిచ్చిన సంస్థ సరేనని ధ్రువీకరిస్తేనే ఫైల్లో మార్పు జరుగుతుంది. తప్పుగా పడ్డదాన్ని మనమే ఉచితంగా తీయించుకోవచ్చు. నిజంగా పడ్డదాన్ని ఎవరూ తీయలేరు.

మరి అది ఎన్నాళ్లుంటుంది? ఏడేళ్లకు చెరిగిపోతుందని ఊళ్లో మాట. సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలన్నదే అసలు నిబంధన. కనీసం అన్న మాట జనం నోట జారిపోయింది. మూడేళ్లు దాటితే కోర్టులో దావా వేసే గడువు సాధారణంగా పోతుంది నిజమే, దానితో ఫైలు చెరగదు. పనికొచ్చే గడువు ఇంకోటి ఉంది, ఆ 36 గళ్లు. బకాయి మొత్తం తీర్చి ఇంకో అప్పు క్రమంగా కట్టుకుంటూ పోతే, నడుస్తున్న ఆ అప్పు గళ్లలో ప్రతి నెలా ఒక కొత్త సున్నా చేరి ఒక పాత గడి జారిపోతుంది. మన సూర్యాపేట అమ్మాయి చివరి మచ్చ 2025 ఆగస్టుది. ముగిసిన ఆ రుణం వివరం ఫైల్లో ఇంకా కొన్నేళ్లు కనిపిస్తూనే ఉంటుంది, కానీ పక్కన కొత్త రుణం సున్నాలు పేరుకున్నకొద్దీ దాని బరువు తగ్గుతుంది. భయపడి అన్ని కార్డులూ రద్దు చేసుకుని ఖాళీ ఫైలుతో కూర్చోవడం వల్ల ఆ సున్నాలు రావు.

నాన్నను సహ రుణగ్రహీతగా పెట్టి తీసుకున్న విద్యారుణం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సహ రుణగ్రహీత, హామీదారు ఫైళ్లలో కూడా అదే మచ్చ పడుతుంది. అన్న హామీ సంతకం పెట్టిన అప్పు తమ్ముడు కట్టకపోతే అన్న ఇంటి రుణం ఆగుతుంది. స్కోరు తక్కువని విద్యారుణ దరఖాస్తు తిప్పికొట్టడం సరికాదని 2023 మే నెలలో కేరళ హైకోర్టు అంది. మన దగ్గర బ్రాంచిలో తిరస్కరిస్తే కారణం రాతలో ఇమ్మని అడగడానికి ఆ తీర్పు ఒక ఊతం.

బ్యాంకు ఉద్యోగాలకు మళ్లీ వద్దాం. క్లర్కు పోస్టులకు ఐబీపీఎస్ ఒక దశలో కనీస స్కోరు 650 అని పెట్టింది, తర్వాత ఆ అంకె తీసేసింది. చేరేనాటికి క్రెడిట్ చరిత్ర బాగుండాలన్న షరతు మిగిలింది. ఫైలు సరికాకపోతే, ఆ ఖాతాలో బాకీ ఏమీ లేదని అప్పిచ్చిన సంస్థ ఇచ్చిన పత్రం చూపించాలి, లేదంటే ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. స్టేట్ బ్యాంకు ప్రకటనలు కొన్ని, ఆఫర్ లెటర్ ఇచ్చే తేదీ నాటికి బాకీ తీర్చి ఉంటే చాలంటున్నాయి. మద్రాసు కోర్టుకు వెళ్లిన కేసులోని షరతు అంతకంటే కఠినం. అందుకే ప్రకటనలో సిలబస్ పేజీ చదివినంత శ్రద్ధగా ఆ పేరా కూడా చదవాలి. దరఖాస్తు చేసిన రోజే నాలుగు నివేదికలూ తీయాలి. ప్రిలిమ్స్‌కూ చేరే రోజుకూ మధ్య నెలలు గడుస్తాయి, 30 రోజుల ఫిర్యాదు గడువు అందులో రెండుసార్లు పడుతుంది.

నిరభ్యంతర పత్రం చేతికిచ్చినప్పుడు దాని మీద రుణఖాతా నంబరు, పూర్తిగా చెల్లించారన్న మాట, తేదీ, సంస్థ ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒకవేళ పూర్తి చెల్లింపు అని రాయకుండా సెటిల్‌మెంట్ అని రాసి ఉంటే, కౌంటర్ వదలకముందే అడగండి.